నేను చెప్పులు విప్పని రోజు

సూర్యాపేట కోర్టుల నల్లకోటు విడిచిపెట్టి ఇంటికాడ కూసున్నంక కూడా జూనియర్ పిల్లలు నా దగ్గరికి వస్తనే ఉంటరు. చాయ్ తాగి, ఆ కేసు ఈ కేసు మాట్లాడి, లేసే ముందర ఎవరో ఒకరు అడుగుతరు, "మేడం, మీరు లా ఏ కాలేజీల చేసిన్రు?" అని. నాకు నవ్వొస్తది. సర్టిఫికెట్ మీద కాలేజీ పేరు ఉన్నది, కాదనను. కానీ ఆ కాలేజీ మొహం నేను చూసింది పరీక్షలప్పుడే. లెక్చరర్లకు నేను తెల్వదు, నాకు లెక్చరర్లు తెల్వదు. నేను వకాలతు నేర్చుకున్నది మిర్యాలగూడల, బస్టాండు అవతలి సందుల, రేకుల కప్పు కింద, ఒక పెద్ద వకీలు సారు ఆఫీసుల. అది కూడా పూర్తిగ ఆయన దగ్గర కాదు. సగం ఆయన దగ్గర, సగం ఒక కూలికి పోయే అవ్వ దగ్గర. ఆ రెండో సగం సంగతి ఇన్నేండ్లు ఎవ్వలకు చెప్పలే. ఇగ ఇప్పుడు చెప్తే నా ప్రాక్టీసుకు వచ్చే నష్టమేం లేదు కాబట్టి చెప్తున్న.

మాది కోదాడ. మా నాయిన బడిపంతులు. డిగ్రీ అయినంక టైపు లోయరు, హయ్యరు పాసయి ఖాళీగ ఉంటే, మిర్యాలగూడల ఒక వకీలుకు టైపిస్టు కావాల్నంట అని మా నాయిన దోస్తు చెప్పిండు. పోయిన. సారు అప్పటికే అరవై దాటిన మనిషి. బక్క పానం, పెద్ద గొంతు. నేను రెండు ముక్కలు మాట్లాడిన్నో లేదో ఆయన పకపక నవ్విన్రు.

"మీ కోదాడోళ్ళు సగం బెజవాడే గద! ఉంటుంది, వస్తుంది అనుకుంట... గీడ పార్టీలతోని గట్ల మాట్లాడకమ్మా. ఆఫీసరమ్మ వచ్చిందనుకొని సగం సంగతి దాస్తరు."

ఇప్పుడు నా మాట ఇట్ల మారిందంటే ఆ ఆఫీసు పుణ్యమే.

ఏడాది టైపు కొట్టిన. ఒకనాడు సారు "ఊకె నేను చెప్పింది కొట్టుడేనా? లా కట్టు" అన్నరు. కాలేజీకి పోతే ఆఫీసు ఎట్ల సార్ అంటే, "కాలేజీ గీడనే ఉన్నది. పరీక్షలు గాడికి పోయి రాసి రా" అన్నరు. ఆయనకు పని నేర్పిన గురువు నిజాం కాలపు మనిషట. యూనివర్సిటీ గడప తొక్కకుండ, ఒక వకీలు దగ్గర ఏండ్లకేండ్లు పనిచేసి, ఉర్దూల పరీక్ష రాసి వకీలైనాయన. ఆ గురువు నేర్పిన తీరుగనే సారు నాకు నేర్పిన్రు.

ఆ తీరు ఎట్లుంటదో జర వినుండ్రి. మొదలు ఆర్నెల్లు దబ్బనంతోటి ఫైళ్ళు కుట్టుడు. ఏ కాగితం మీద ఏ కాగితం కూసోవాల్నో మెదడుకు కాదు, వేళ్ళకు తెల్వాలంటరు. వేళ్ళకు తెలిసింది, పొడుచుకొని పొడుచుకొని. తర్వాత కోర్టుల వెనక బెంచి. నోరు తెరవొద్దు. "సాక్షిని చూడకు. వకీలును అసలే చూడకు, యాక్టింగ్ ఎక్కువుంటది. జడ్జిగారి కలం చూడు. ఎక్కడ ఉరికింది, ఎక్కడ ఆగింది, సాయంత్రం నాకు చెప్పు." నేను నిజంగనే రోజూ సాయంత్రం ఆయనకు కలం సంగతి అప్పజెప్పేదాన్ని. "నువ్వు సూపర్ అనుకున్న ఆ ప్రశ్నకు కలం కదిలిందా?" "లేదు సార్." "మరి అది ప్రశ్నేనా?" గిట్ల ఉండేది మా క్లాసు.

మూడోది భూమి. భూమి దావా అయితే ఒక్క అక్షరం రాయక ముందరనే పోయి ఆ భూమి తొక్కి రావాలె. చెప్పులిప్పి, పార్టీతోని నాలుగు దిక్కులు తిరిగి, గట్టు మీద కూసొని వాళ్ళిచ్చిన నీళ్ళు తాగి రావాలె. ఈ ముచ్చట మాత్రం నాకు ఉత్త చాదస్తం అనిపించేది. దస్తావేజు ఉన్నది, సర్కారు రికార్డు పహాణీ ఉన్నది, హద్దులు అందులనే రాసున్నయి. ఇగ బురద తొక్కుడెందుకు? పైకి అనలే గని, మనసుల అనుకునేదాన్ని.

నేను ఎన్‌రోల్ అయి కొత్త కోటు కుట్టిచ్చుకున్న రెండు నెలలకు ఆ అవ్వ వచ్చింది.

నేరేడుచర్ల పోయే రోడ్డు మీద ఒక ఊరు వాళ్ళది. మొగడు పోయి చానేండ్లయింది. బిడ్డలిద్దరి పెండ్లిళ్ళయి ఎవరింటికాడ వాళ్ళున్నరు. ఆమెకు ఉన్నది ఎకరం పొలం. దానికి ఆనుకొని ఒక రైసుమిల్లు. మిల్లాయన వడ్లారబోసే గచ్చు పెద్దగ చేసుకుంట, గోడ ఈమె పొలంలకు జరిపిండు. మిల్లాయన మరీ దుర్మార్గుడేం కాదు. మేస్త్రి తాడు ఎటు గుంజితే అటు గోడ లేస్తది, అడిగేటోళ్ళు లేకపోతే అట్లనే ఉంటది, అంతే.

"ఎంత పోతదవ్వా?" అని సారు అడిగిన్రు.

"పది గుంటలు పోతది సారు, పావెకరం. పది గుంటలే గద అంటున్నరు అందరు. కానీ నా నారుమడి గాడనే ఉన్నది. పొలమంతట్ల ఎత్తు జాగ అదొక్కటే. తక్కిన పొలంల నీళ్ళు నిలుస్తయి, నారు పోస్తే మురుగుతది. నారు లేకపోతే ఇగ నాటేసేదేంది? ముప్పై గుంటలుండి కూడా నేను కూలికే పోవాలె."

సారు నా దిక్కు చూసి "పోయి రామ్మా" అన్నరు.

షేర్ ఆటోల పోయిన. రోడ్డు మీద దిగిన. నాట్లు వేసి అప్పటికి పది రోజులు కూడ కాలేదు, పొలాలన్నీ అద్దాల్లెక్క మెరుస్తున్నయి. అవ్వ అప్పటికే చీర ఎగ్గట్టి మడిల దిగి ఉన్నది. "దా బిడ్డా, చెప్పులిప్పి దా. నా చెయ్యి పట్టుకో" అని పిలిచింది.

నేను దిగలే. ఎందుకు దిగలేదో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గయితది. వకీలమ్మ వచ్చిందని రోడ్డు మీద ఇరవై మంది నిలబడి చూస్తున్నరు. ఇస్త్రీ చీర, కొత్త కోటు. కాలు జారి బురదల కూలబడితే ఇజ్జత్ ఏముంటది? "వద్దవ్వా, ఇక్కడ్నుంచే అంతా కనిపిస్తుంది" అన్న. కనిపిస్తనే ఉన్నది మరి. రోడ్డు తూర్పున ఉన్నది. పొలం అవతల పడమట ఒక పిల్లకాలువ పోతున్నది. దస్తావేజుల కూడ పడమర హద్దు పిల్లకాలువ అనే ఉన్నది. కాగితం, కన్ను రెండూ కలిసినయి. గోడ ఆ కాలువకు ఈవల లేస్తున్నదా ఆవల లేస్తున్నదా అని మాత్రం చూడలే. అవ్వ రెండోసారి పిలవలే. ఇంట్లకు పోయి చెంబుల నీళ్ళు తెచ్చి రోడ్డు మీదనే ఇచ్చింది. తాగిన.

సాయంత్రం సారు అడిగిన్రు. "నాలుగు దిక్కులు తిరిగినవా?"

"తిరిగిన సార్."

"నీళ్ళు తాగినవా?"

"తాగిన సార్." నీళ్ళ సంగతైతే నిజమే.

దావా నేనే తయారుచేసిన. సారు సంతకం పెట్టిన్రు. గోడ ఆపమని తాత్కాలిక ఉత్తర్వు కూడ వచ్చింది, నా అంత గొప్పది లేదనుకున్న. మిల్లాయన తరఫు వకీలు జవాబుల ఒక మూలకు "హద్దులు తప్పు" అని ఒక్క ముక్క రాసిండు. ప్రతి భూమి కేసుల ప్రతి వకీలు రాసే ముక్కే అది, మేం కూడ రాస్తం. ఎవరూ పట్టించుకోలే.

నాలుగేండ్లు వాయిదాలు నడిచినయి. అవ్వ ఒక్క వాయిదా తప్పలే. కూలి ఖరాబు చేసుకొని, పొద్దుగాల మొదటి ఆటోల వచ్చి కోర్టు వరండాల కూసునేది. బంట్రోతు పేరు పిలిస్తే ఆమె లేసే లోపట నేను లేసి నిలబడి, "పార్టీ హాజరు యువర్ ఆనర్" అనేదాన్ని. నాలుగేండ్లల నేను ఆమెకు చేసింది అదొక్కటే అనుకోండ్రి.

ఇగ ఆమె సాక్ష్యం రోజు. బోను ఎక్కింది. దేవుని మీద ప్రమాణం చేసి అంతా నిజమే చెప్త అన్నది. ఎదుటి వకీలు మంచి అనుభవం ఉన్నాయన, గొంతు పెంచడు. పెద్దమనిషితోని మాట్లాడినట్టే మెల్లగ అడిగిండు.

"అమ్మా, నీ పొలానికి పడమర హద్దు పిల్లకాలువ అని నీ దావాలనే రాసినవు. నీ ప్రమాణ పత్రంల కూడ అదే. నిజమేనా?"

"వకీలమ్మ రాసింది సారు. నాకు చదువు రాదు."

"సరే. కాలువకు అవతల ఉన్నది మా గోడ. నీ హద్దే కాలువ అయినప్పుడు, అవతలి గోడతోని నీకేం పని?"

నా నెత్తి మీద పిడుగు పడ్డట్టయింది. జడ్జిగారి కలం ఉరుకుతున్నది. ఆ ఒక్క ప్రశ్నతోని కేసు ఖతం, నారుమడి పాయె.

అవ్వ మాత్రం పరేషాన్ కాలే. కొంగు సదురుకొని అడిగింది, "ఏ కాలువ సారు? పాతదా, కొత్తదా?"

కలం ఆగింది.

"పాతదా కొత్తదా ఏంటమ్మా?" అని జడ్జిగారే అడిగిన్రు.

"కాగితంల రాసిన కాలువ పాతది సారు. నా చిన్నబిడ్డ కడుపుల ఉన్నప్పుడు దాన్ని పూడ్సిన్రు. వంకర ఉన్నది, నీళ్ళు సక్కగ పోతలేవని, కొత్తది నా పొలం నడుమల నుంచే తీసిన్రు. తట్టలు మోసింది నేనే, కూలికి. నిండు చూలాలును. కొత్త కాలువకు ఈవల ముప్పై గుంటలు, ఆవల పది గుంటలు నాయి. ఆ పదిట్లనే నారుమడి."

"దానికి రుజువేంది?" అన్నడు ఎదుటి వకీలు.

"నేల ఉన్నది గద సారు! నాది నల్లరేగడి. మిల్లాయనది చౌడు. నడుమల పాత కాలువ ఇసుక ఉన్నది. మూరెడు తవ్వితే ఇసుక, దానికింద నత్తగుల్లలు. గోడ అవతల తవ్వి చూడుండ్రి. చీకట్ల నడిపించినా నా కాలుకు తెలుస్తది, నల్లమట్టి కాలును పట్టుకుంటది, ఇసుక ఇడిచిపెడతది."

కోర్టు హాలంత చెవులప్పగించింది. టైపు కొట్టే అమ్మాయి చెయ్యి లేపి అట్లనే కూసున్నది. నేను ఏ పుస్తకంల చదవని, ఏ వకీలు నోట వినని వాదన అది. చదువురాని మనిషి, పొలం పొలాన్ని తెచ్చి కోర్టుల పరిచింది.  దండం పెట్టాలనిపించింది, నిజంగ.

ఎదుటి వకీలు తేరుకున్నడు. "ఇంత సంగతి ఉంటే దావాల ఎందుకు రాయలే? మీ వకీళ్ళు అసలు భూమి చూసిన్రా?"

అవ్వ నా దిక్కు చూసింది. సారు కూడ నా దిక్కు చూసిన్రు. 

"ఈ బిడ్డ వచ్చింది సారు. బురద ఉండె. దిగుతనంటే నేనే వద్దన్న. పడతవు బిడ్డా, రోడ్డు మీదనే ఉండు అని నేనే ఆపిన. తప్పు నాది."

కలం కదిలింది. రాసుకున్నరు.

అప్పుడు సారు లేసిన్రు. నలభై ఏండ్ల ప్రాక్టీసు ఆయనది. ఆ హాలుల సగం మంది వకీళ్ళు ఆయన దగ్గర పని నేర్చుకున్నోళ్ళే. వాళ్ళందరి ముందర చేతులు కట్టుకొని, "యువర్ ఆనర్, తప్పు సాక్షిది కాదు. తప్పు నా ఆఫీసుది. సంతకం నాది. చూడకుండ సంతకం పెట్టిన. నా తప్పుకు ఆమె నారుమడి పోవద్దు. దావా సవరించుకోవడానికి అనుమతి అడుగుతున్న, కోర్టు కమిషనర్‌ను పంపి తవ్వి చూడమని వేడుకుంటున్న" అన్నరు. నా పేరు ఎత్తలే. జూనియర్ అనే మాట కూడ అనలే. అంత పెద్ద మనిషి తలవంచి నిలబడితే చూసుడు నా వల్ల కాలే.

జడ్జిగారు ఇంత ఆలస్యంగా ఇదేమిటని గట్టిగనే కోప్పడ్డరు. తర్వాత ఒప్పుకున్నరు.

వచ్చిన ఆదివారం సారు నన్ను రమ్మన్నరు. కారు వద్దన్నరు. ఇద్దరం షేర్ ఆటో ఎక్కి ఆ ఊరికి పోయినం. రోడ్డు మీద దిగి, చెప్పులిప్పి, పంచె మోకాళ్ళ మీదికి కట్టి, అవ్వ వెనక మడిల దిగిన్రు. ఆయన వెనక నేను. బురద చల్లగ ఉన్నది. కొత్త కాలువ దాటి, సగంల ఆగిన గోడ పక్కనుంచి పది అడుగులు వేసిన్నో లేదో, నా కాలు కింద నేల మారింది. అవ్వ చెప్పినట్టే, అప్పటిదాక పట్టుకున్న మట్టి ఒక్కపారి ఇడిచిపెట్టింది. నాలుగేండ్ల కింద ఈ పది అడుగులు వేసి ఉంటే అంతా అక్కడనే తెలిసిపోయేది. గట్టు మీద కూసొని సారు నీళ్ళు తాగిన్రు. నేను చెంబు అట్లనే అవ్వకు తిరిగిచ్చిన.

తిరిగొచ్చేటప్పుడు ఆటోల అడిగిన్రు. "నిన్ను దిగొద్దన్నదా ఆమె?"

"లేదు సార్. రమ్మన్నది. చెయ్యి ఇస్తనన్నది. నేనే దిగలే. మీకు కూడ అబద్ధం చెప్పిన."

సారు పంచెకు అంటిన బురద గోకి దులుపుకున్నరు. తిడితే బాగుండు అనిపించింది. మిర్యాలగూడ వచ్చినంక దిగుకుంట ఒక్క మాట అన్నరు. "రేపటి సంది వెనక బెంచి."

కోటు వేసుకున్న వకీలును, ఆర్నెల్లు మల్ల వెనక బెంచి మీద కూసొని కలం చూసిన. తోటి వకీళ్ళు నవ్విన్రు. నవ్వనీ. ఆర్నెల్లల సారు ఆ అబద్ధం ముచ్చట ఒక్కపారి కూడ ఎత్తలే. జూనియర్ పిల్లలు ఇప్పుడు, మొబైల్ల సర్వే నంబర్ కొడితే మ్యాప్ వస్తది మేడం అంటరు. రానీ, మంచిదే. అప్పట్ల నేను కూడ కాగితం మంచిదనే అనుకున్న.

కమిషనర్ వచ్చి గోడ అవతల తవ్విపిచ్చిండు. మూరెడు లోతుల ఇసుక, దానికింద నత్తగుల్లలు. గుప్పెడు గుల్లలు కవర్ల పెట్టి రిపోర్టుతోని కోర్టుకు పంపిండు. ఏడాది తిరగక ముందరనే తీర్పు వచ్చింది. గోడ తీసెయ్యాలె, పది గుంటలు అవ్వవే.

తీర్పు రోజు సారు చేతులు పట్టుకొని అవ్వ కండ్లు తుడుసుకున్నది. తర్వాత కోర్టు బయట చాయ్ బండికాడ ఇద్దరం కూసున్నం. ఏడాది సంది నా లోపట రంపం పెట్టినట్టు కోస్తున్న మాట అప్పుడు అడిగిన.

"అవ్వా, ఆ రోజు నువ్వు నన్ను వద్దనలే గద. దేవుని మీద ప్రమాణం చేసి నా కోసం అట్ల ఎందుకు చెప్పినవ్?"

అవ్వ చాయ్ సాసర్ల పోసుకొని ఊదుకుంట తాగింది. తొందరేం లేదు ఆమెకు.

"నాలుగేండ్లు నా పేరు పిలిస్తే నాకంటే ముందర నువ్వు లేసి నిలబడ్డవ్ బిడ్డా. ఆ సారు నీ మీదికి వస్తుంటే నేను ఒక్కపారి నిలబడొద్దా?"

నాకు ఏడుపు ఆగలే. బండికాడ అందరు చూస్తున్నరు, చూడనీ అనుకున్న. అవ్వ కొంగుతోని నా మొహం తుడిచింది. తుడుసుకుంటనే మెల్లగ, కానీ గట్టిగ అన్నది.

"భూమి ముచ్చట అంతా నిజమే చెప్పిన. నీ ముచ్చట ఒక్కటి దేవునికి నేను చెప్పుకుంట, అది నా తిప్పలు. కానీ బిడ్డా, ఇగ మల్ల ఎవ్వలతోని అబద్ధం చెప్పించకు."

సారు పోయిన్రు. అవ్వ కూడ పోయింది. ఆ నారుమడిల ఇప్పుడు ఆమె చిన్నబిడ్డ నారు పోస్తున్నది. నేను మిర్యాలగూడ నుంచి సూర్యాపేటకు వచ్చి ముప్పై ఏండ్లు వకాలతు చేసిన. గెలిచినయి ఉన్నయి, ఓడినయి ఉన్నయి. ఎండకాలం, వానకాలం చూడకుండ పార్టీ రమ్మన్న ప్రతి పొలంల చెప్పులిప్పి దిగిన. రెండు సార్లు జారి పడ్డ, ఊరంత నవ్వింది. మల్ల ఎవ్వలతోని చెప్పించలే.